మగ్గపుటింటి గాలి – నేతవారి ఉబ్బసము

నూలు ధర పెరిగినచో మనకు ఆ దినమే తెలియును. రంగు దిగినచో కొన్నవాడు వచ్చి చెప్పును. అచ్చులో ఒక్క పుల్ల వంగినచో గుడ్డయే చెప్పును. కాని మనము ప్రొద్దు పొడిచినది మొదలు దీపము పెట్టువరకు కూర్చుండు ఇంటిలోని గాలి చెడినచో ఎవరును వచ్చి చెప్పరు. చెప్పగలిగినది మన రొమ్మొక్కటే. అది చెప్పు మాటను మనము "పడిశపు తత్వము", "వంశములో ఉన్నది", "వయసు మీరినది" అని త్రోసిపుచ్చుచున్నాము.

నేను వైద్యుడను గాను. పదవ తరగతి చదివి, సంఘపు లెక్కలు వ్రాయుచున్నవాడను. చదివి తెలిసికొన్నదియు, మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు నేత ఇండ్లలో కంటితో చూచినదియు మాత్రమే ఇచ్చట వ్రాయుచున్నాను. చదువరులు తమ ఇంటిని ఒకసారి చుట్టి చూచుకొనుచు దీనిని చదువ ప్రార్థన.

మా అమ్మ సంగతి

మా అమ్మ నలుబది ఏండ్లు కండెలు చుట్టినది. ఆమె రాట్నము పొయ్యికి నాలుగు మూరల దూరములో ఉండెడిది. కండె నిండులోగా లేచి పొయ్యిలో కట్టె ఎగద్రోయుట, మరల వచ్చి కూర్చుండుట, ఇదియే ఆమె దినచర్య. ఏబది దాటిన పిమ్మట రాత్రి రెండు మూడు గంటల వేళ లేచి కూర్చుండెడిది. రొమ్ములో పిల్లికూతలు. తలగడలు రెండు పేర్చి ఆనుకొనిన గాని నిద్ర పట్టెడిది కాదు.

ఒక వైద్యుని వద్దకు తీసికొనిపోయితిని. ఆయన "బీడీ అలవాటున్నదా?" అని అడిగెను. లేదంటిమి. "ఇంటిలో మరెవరికైనా ఉబ్బసమున్నదా?" అనెను. లేదంటిమి. మాత్రలు వ్రాసి ఇచ్చెను. "నీవు చేయు పని ఏమి? ఎచ్చట కూర్చుండి చేయుదువు?" అని ఆయన అడుగలేదు. మేమును చెప్పలేదు.

ఒకసారి ఆమె బాగలూరులోని మా చెల్లెలి ఇంట మూడు వారములుండెను. అచ్చట రాత్రులు చక్కగా నిద్రించినదట. తిరిగి వచ్చిన మూడవ నాటికే దగ్గు పట్టుకొన్నది. "ఆ ఊరి నీళ్ళు నాకు బాగా పడినాయి నాయనా" అని ఆమె చెప్పినది. మేమందరము నమ్మితిమి. చెల్లెలి ఇంట మగ్గము లేదు, రాట్నము లేదు, గ్యాసు పొయ్యి ఉన్నది. పడినది నీరు కాదు, గాలి. ఆ సంగతి నాకు తోచునప్పటికి ఆమె లేదు.

అడుగవలసిన ప్రశ్న

వైద్యుడు రోగిని అడుగవలసిన ప్రశ్నలకు "నీ పని ఏమి?" అను ప్రశ్నను చేర్చవలెనని చెప్పినవాడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ. పనివారి వ్యాధులను గూర్చి ఆయన గ్రంథము 1700 లో వెలువడినది. నార, జనుము దువ్వువారు ఆ ధూళి పీల్చి దగ్గుతో, ఆయాసముతో బాధపడుదురని ఆయన అందులో వ్రాసెను. మూడు వందల ఏండ్లు దాటినను ఆ ప్రశ్న ఇంకను అన్ని చోట్ల అడుగుట లేదు. కాబట్టి వైద్యుడు అడుగకున్నను మనమే చెప్పవలెను: "అయ్యా, నేను నేతపనివాడను. నా మగ్గము ఇంటిలోనే ఉన్నది. పొయ్యియు అచ్చటనే ఉన్నది."

ఉబ్బసము అనగా ఊపిరి గొట్టముల లోపలి పొర వాచి, చుట్టునున్న కండరము బిగిసి, గాలి పోవు దారి ఇరుకగుట. ఒకసారి పట్టును, ఒకసారి విడుచును. పట్టి విడుచుటయే దాని గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019 లో ప్రపంచమున 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసము ఉండెను. మన దేశమున వైద్య పరిశోధన మండలి 12 చోట్ల 1,69,575 మంది పెద్దలను విచారించి 2012 లో ప్రకటించిన ఫలితము ప్రకారము, నూటికి ఇద్దరికి ఉబ్బసమును, మరి ముగ్గురు నలుగురికి దీర్ఘకాలపు కఫదగ్గును కనబడినవి.

మనకు ప్రక్కనున్న బెంగుళూరులో వైద్యులు పరమేశ్ గారు తమ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను లెక్కించగా, 1979 లో నూటికి 9 మందికి ఉన్న ఉబ్బసము 1999 నాటికి 29.5 మందికి కనబడెను. ఇది ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్కయే గాని ఊరి పిల్లలందరి లెక్క కాదు. అయినను ఇరువది ఏండ్లలో ఒక వంశపు రక్తము అంతగా మారదు. మారునది చుట్టునున్న గాలియే.

సోమవారపు రొమ్ము పట్టు

పత్తి ధూళి వలన కలుగు ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అందురు. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులలో 1950 ప్రాంతమున వైద్యుడు రిచర్డ్ షిల్లింగ్ దీనిని శ్రద్ధగా పరిశీలించెను. ఆయన పనివారిని అడిగిన ముఖ్యమైన ప్రశ్న మిక్కిలి సులువైనది: "వారములో ఏ దినమున రొమ్ము పట్టును?" ఆదివారము సెలవు అనుభవించి సోమవారము పనిలోనికి వచ్చినవారికి ఆ దినముననే రొమ్ము బిగిసెడిది. మంగళవారమునకు సర్దుకొనెడిది. ఏండ్లు గడచినకొలది మంగళ, బుధవారములకును ప్రాకెడిది. తుదకు పని మానినను ఊపిరి తిరిగి రానివారు కొందరుండిరి. మొదటి మెట్టుననే గుర్తించినచో ఆపవచ్చును, చివరి మెట్టున ఆపలేము. అందుచేత ఆ ప్రశ్న విలువైనది.

మనకు ఆదివారపు సెలవు లేదు. కాని అమావాస్యనాడు మగ్గము దిగుట మన పెద్దలనాటి వాడుక. కావున మన సోమవారము పాడ్యమి. "అమావాస్యనాడు హాయిగా ఉండి, పాడ్యమినాడు మగ్గమెక్కిన కొన్ని గంటలకు రొమ్ము బిగియుచున్నదా?" అను ప్రశ్నను ప్రతి ఇంటి పెద్దయు ఇంటనున్న వారిని అడిగి చూడవలెను.

నిజము చెప్పవలెనన్న, ధూళి అధికముగా నుండునది దూదిని ఏకు చోట, దువ్వు చోట. నేతలో అంత ఉండదు. అమెరికా ప్రభుత్వము 1978 లో మిల్లులకు హద్దులు పెట్టినపుడు నూలు వడుకు చోట ఘనమీటరు గాలికి 200 మైక్రోగ్రాముల ధూళిని, గంజి పెట్టు చోట, నేయు చోట 750 మైక్రోగ్రాములను గరిష్ఠముగా నిర్ణయించెను. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షల వంతు. మిల్లుల యజమానులు దానిపై వ్యాజ్యమాడగా 1981 లో ఆ దేశపు సుప్రీం కోర్టు ఆ నియమమునే నిలిపెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు జాబితాలో ఈ జబ్బును తెలియజేయవలసిన వ్యాధిగా చేర్చిరి. కాని అవి మిల్లులకు, కార్ఖానాలకు. మన ఇంటి మగ్గము కార్ఖానా కాదు. ఇచ్చటి గాలిని కొలుచుటకు ఏ ఇన్‌స్పెక్టరును రాడు. ఇన్‌స్పెక్టరు పని మనమే చేసికొనవలెను.

చింతగింజల పొడి చెప్పు పాఠము

1957 లో ఇంగ్లండులో ఒక సంగతి అచ్చయినది. ఒక నేత మిల్లులో పనివారికి గుంపుగా దగ్గు, ఆయాసము పట్టుకొన్నవి. విచారింపగా పడుగునకు పెట్టు గంజిలో చింతగింజల పొడి వాడుచుండిరని తేలినది. అదే సంవత్సరము, చింతగింజ సరుకును పీల్చినపుడు వెంటనే కలుగు శ్వాసబాధను గూర్చి వేరొక పరిశోధనయు వెలువడినది. వైద్యులు దీనికి "నేతగాని దగ్గు" అని పేరు పెట్టిరి. బూజు పట్టిన నూలు వలన కూడ ఇట్టి దగ్గు నేత మిల్లులలో లేచిన సందర్భములు ఐరోపాలో కలవు.

మన జిల్లాలో చింతచెట్లకు కొదువ లేదు. చింతపండు చారు త్రాగినందున ఎవరికిని హాని లేదు. ఉడికించిన గంజి తడిగా నున్నంతసేపును అంతగా భయము లేదు. ఎండిన పొడిని బస్తానుండి తీయునపుడు, జల్లించునపుడు, ఎండిన గంజి నేతలో రాలి లేచునపుడు ముక్కులోనికి పోవునది వేరు సంగతి. బియ్యపు గంజియైనను, రాగి గంజియైనను పులిసి బూజు పట్టినచో అదియు ఇట్టిదే.

పట్టు, రంగు

మన హోసూరు, దేంకణికోట ప్రాంతములు పట్టునకు పేరు పడినవి. పట్టుగూళ్ళ ధూళి, చిలుక రెక్కల పొడి కొందరికి పడవు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు పట్టు తీయు ఫ్యాక్టరీలలో పనివారిని పరిశీలించి, వృత్తి వలననే వచ్చిన ఉబ్బసము వారిలో గలదని 1985 లో ప్రకటించిరి. గూళ్ళు ఉడుకు చోట, పురుగులు పెంచు చోట పని చేయు ఆడవారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

రంగులు వేయువారికి రెండు జాగ్రత్తలు. రియాక్టివ్ రంగుల పొడి పీల్చగా పీల్చగా కొందరికి ఉబ్బసము కలుగును. ఒకసారి అట్లు పడకపోయిన పిమ్మట చిటికెడు పొడియైనను చాలును. హైడ్రోసు డబ్బా మూత తీయగానే వచ్చు ఘాటు గంధకపు వాయువుది. అది ఉబ్బసము గలవారి రొమ్మును క్షణములో బిగించును.

పొయ్యి పొగ

ఇక అన్నిటికంటె పెద్ద సంగతి. చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ గారు, ఇతర పరిశోధకులు కలసి నాటి ఆంధ్రప్రదేశ్ లోని మూడు జిల్లాలలో 420 ఇండ్ల గాలిని కొలిచి 2004 లో ఫలితము ప్రకటించిరి. రోజంతటి సగటు తీయగా, గ్యాసు వాడు ఇండ్లలో ఘనమీటరునకు 73 మైక్రోగ్రాముల సన్న ధూళి ఉండగా, కట్టె, పిడకల వంటి వంటచెరకు వాడు ఇండ్లలో అది 732 వరకు ఉండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో అతి సన్న ధూళికి చెప్పిన ఒకరోజు హద్దు 15 మాత్రమే. పొగ ధూళియు పత్తి ధూళియు ఒకటి కావు, కొలిచిన పద్ధతులును వేరు. అయినను మన తెలుగు ఇండ్లలోని గాలి ఎట్టిదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

ఆ పరిశోధనలో మరొక సంగతి మన మనస్సున నాటవలెను. పొగ అధికముగా పీల్చినవారు వంట చేయు స్త్రీలు, అందును 15 మొదలు 40 ఏండ్ల లోపువారు. మగవారిలో ఎవరు? 65 మొదలు 80 ఏండ్ల వృద్ధులు. ఏలననగా వారు పొలమునకు పోరు, ఇంటిలోనే ఉందురు. ఇప్పుడు ఆలోచింపుడు. రైతు ఇంట వృద్ధుడు మాత్రమే పగలంతయు ఇంటిలో నుండును. నేతగాని ఇంట పదునెనిమిది ఏండ్ల కుర్రవాడును మగ్గపు గుంటలో కూర్చుండి ఇంటిలోనే ఉండును. కండె చుట్టు ఆడవారికి పొగయు, పత్తి ధూళియు రెండును కలసి వచ్చును. ఇతరులకు వృద్ధాప్యమున వచ్చునది మనకు యౌవనమునుండియే మొదలగుచున్నది.

ఇది క్రొత్తగా తెలిసిన సంగతియు కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పని చేసిన ఎస్. పి. రాజు గారు పొగగొట్టముతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953 లో మద్రాసునుండి పుస్తకము ప్రకటించిరి. 1999 లో ఆంధ్రప్రదేశ్ లో దీపం పథకమును, 2016 మే 1 న దేశమంతటికి ఉజ్జ్వల పథకమును వచ్చినవి. మన ఇండ్లలో చాలమందికి గ్యాసు ఉన్నది. కాని సిలిండరు ఖరీదునకు జంకి, నీళ్ళు కాచుటకు, గంజి ఉడుకుటకు ఇంకను కట్టెపొయ్యియే వాడుచున్నాము. గంజి గంటల తరబడి ఉడుకవలెను. ఆ పొయ్యి ఇంటిలోపల ఉన్నచో గ్యాసు ఉండియు లేనట్లే.

కిటికీ వివాదము

"కిటికీ తెరచినచో పొడిగాలి తగిలి పోగు తెగును, నీవు లెక్కలు వ్రాయువాడవు, నీకేమి తెలియును?" అని ఒక పెద్దాయన నన్ను అడిగెను. ఆయన మాట నిజము. గుంటమగ్గము గుంటలో ఉండుటకు ఒక కారణము ఆ చెమ్మయే. కాని చెమ్మతో పాటు బూజును, ధూళిని, పొగను కూడ లోపల కట్టివేయుచున్నాము. పడుగు ఎత్తునకు గాలి తగులనక్కరలేదు. కప్పు క్రింద, తలకంటె ఎత్తున, ఎదురెదురుగా రెండు గవాక్షములున్నచో పొగ పైనుండి పోవును, పోగు తెగదు. మరుసటి నెల ఆ పెద్దాయన ఒక వైపు గవాక్షము పెట్టించి, రెండవ వైపు ప్రక్కవారి గోడ అని చెప్పి నవ్వెను. ఒకటైనను మేలే.

చేయదగిన పనులు

1. గంజి ఉడుకు పొయ్యిని ఇంటి వెలుపల పెట్టవలెను. మొదట ఈ ఒక్కటి చేసినను చాలును.
2. రాట్నమును పొయ్యికి దూరముగా, వీలైనచో అరుగు మీదకు మార్చవలెను. కండె చుట్టుట ఎక్కడనైనను చేయదగిన పని. దానికి చెమ్మ అక్కరలేదు.
3. మగ్గము క్రింది నూగును పొడి చీపురుతో ఊడ్వరాదు. నీళ్ళు చిలకరించి ఊడ్వవలెను, లేదా తడిగుడ్డతో తుడువవలెను. పసిబిడ్డ ఉయ్యాల మగ్గము ప్రక్కన కట్టరాదు.
4. చింతగింజల పొడి గాని, పిండి గాని, రంగు పొడి గాని ఇంటిలో జల్లింపరాదు. వెలుపల, గాలి వీపు తట్టునుండి వీచునట్లు నిలిచి, ముందు కొద్ది నీటితో ముద్ద చేసి పిదప కలుపవలెను.
5. బూజు వాసన వచ్చు నూలును మగ్గమెక్కింపరాదు. ఎండబెట్టి వెలుపల దులుపవలెను. గుంటను అమావాస్యకొకసారి ఆరబెట్టవలెను.
6. ముక్కునకు తువ్వాలు చుట్టుకొనుట పెద్ద నూగును ఆపును గాని సన్న ధూళిని, పొగను ఆపదు. దానిని నమ్మి ఊరకుండరాదు.
7. మూసిన గదిలో దోమల బత్తీ వెలిగింపరాదు. ఒక్క బత్తీనుండి వచ్చు సన్న ధూళి 75 మొదలు 137 సిగరెట్లకు సమానమని 2003 లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. దోమతెర మేలు. మగ్గపుటింట బీడీ మాట చెప్పనక్కరలేదు.

ఊపిరిని కొలుచుట, మందు

ఊపిరి బలమును కొలుచు చేతి సాధనమును 1959 లో ఇంగ్లండులో మార్టిన్ రైట్ లోకమునకు అందించెను. దానిని పీక్ ఫ్లో మీటరు అందురు. నేడు అది తేలికయైన గొట్టము రూపమున దొరకుచున్నది. గట్టిగా ఊదినచో ముల్లు ఒక అంకె వద్ద నిలుచును. మగ్గమెక్కుటకు ముందును, దిగిన పిమ్మటను మూడేసి సార్లు ఊది, పెద్ద అంకెను వ్రాసికొనవలెను. అమావాస్యనాడు, పాడ్యమినాడు తప్పక వ్రాయవలెను. పని దినములలో అంకె పడిపోయి, సెలవునాడు లేచినచో ఆ కాగితము చూచిన వైద్యుడు "నీ పని ఏమి?" అని అడుగక మానడు.

పీల్చుడు మందును గూర్చి మనలో ఒక భయమున్నది: "అది మొదలు పెట్టినచో జీవితాంతము విడువదు" అని. అది పొరపాటు. మాత్ర ఒంటికంతటికి పోవును. పీల్చుడు మందు కొద్దిపాటిగా, కావలసిన చోటికే పోవును. పట్టినప్పుడు విడిపించు మందు ఒక్కటే వాడిన చాలదనియు, లోపలి వాపును తగ్గించు మందు కూడ ఉండవలెననియు ఉబ్బస వైద్యులకు దారి చూపు అంతర్జాతీయ సంస్థ 2019 లో స్పష్టముగా చెప్పినది. వైద్యుని అడిగి వాడవలెను, బాగున్నదని మనమే మానరాదు.

మృగశిర కార్తె వచ్చినపుడు మన ప్రాంతమునుండియు కొందరు హైదరాబాదునకు పోయి చేప ప్రసాదము పుచ్చుకొనుచున్నారు. ఎవరి నమ్మకము వారిది, నేను కాదనను. కాని ఆ చేపను మ్రింగి వచ్చి, పీల్చుడు మందును పారవేసి, మరల అదే పొగలో కూర్చుండుట మాత్రము వద్దు. మాటాడలేనంత ఆయాసము, పెదవులు నీలమగుట కనబడినచో కషాయములతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. 2022 జనవరిలో కృష్ణగిరికి ప్రభుత్వ వైద్య కళాశాలయు వచ్చినది.

సభ్యులకు విన్నపము

రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు ప్రతిపాదింపదలచితిని. ఒకటి, సంఘపు ఖర్చుతో పీక్ ఫ్లో మీటరు ఒకటి కొని, ఎవరి నోటిగొట్టము వారికి వేరుగా నిచ్చి, వంతుల ప్రకారము ఇండ్లకు పంపుట. రెండు, సంఘపు స్థలములో ఒక మూల రేకు కప్పు వేసి, అందరికిని గంజి ఉడుకుటకు పొగగొట్టము గల పొయ్యి ఒకటి కట్టుట. ఖర్చు ఎక్కడిదని అడుగువారుందురు. ఒక నేతగాడు రొమ్ము పట్టి పది దినములు మగ్గము దిగినచో పోవు కూలి ఎంతయో ఆ సభలోనే లెక్క కట్టి చూపెదను.

సమావేశమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన ఇంట పాడ్యమినాడు ఎవరికి రొమ్ము పట్టినదో ఒక చీటీ మీద వ్రాసి తేవలెను. ముఖ్యముగా కండెలు చుట్టు తల్లులను, అక్కచెల్లెండ్రను అడిగి వ్రాయవలెను. వారు తమంతట తాము చెప్పరు.